గడ్డికొండల మీద ఒక పూట

కోయంబత్తూరు నుంచి ఊటీ ఎక్కే మనవాళ్లు పూలతోట, పడవలు, చాక్లెట్ల అంగళ్లు చూసి దిగివస్తారు. ఈసారి గూడలూరు రోడ్డుకు ఒక పూట కేటాయించండి. ఊరు దాటాక పైకారా వైపు పరచుకొన్నవే వెన్‌లాక్ డౌన్స్. చెట్టూ చేమా అడ్డం లేని పచ్చని గడ్డికొండలు. ఎంత నడిచినా ఇంకా చూపు మిగులుతుంది.

1891 నుంచి 1896 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న దొర పేరది. దొర రాకముందే అవి తోడాల గేదెల మేతబీళ్లు. తోడాల పల్లెను 'మండ్' అంటారు. ఊటకమండ్ అన్న పాత పేరులో ఉన్నది అదే. మన 'మంద' జ్ఞాపకం రావడం లేదూ? చుట్టరికం సంగతి పండితులు తేల్చాలి.

మా ఆఫీసు మిత్రుడొకాయన, "ఇంత బంజరు వదిలేశారేమండీ, చెట్లు నాటకుండా!" అన్నారు. పూర్వం దొరలూ అలాగే అనుకొని ఆస్ట్రేలియా వాటిల్, యూకలిప్టస్ తెచ్చి నాటారు. తరువాతి ప్రభుత్వాలూ నాటాయి. గడ్డి చాలామేర పోయింది. అది బంజరెందుకవుతుంది? వాననీటిని పట్టి మెల్లగా నేలలోకి దించేది ఆ గడ్డే. కొండమడతల్లోని చిట్టడవులు, తమిళంలో సోలైలు, వేసవిలోనూ వాగులను పారిస్తాయి. 1932లో మొదలైన పైకారా విద్యుత్తు ఇటువంటి కొండల నీటిదే.

కంచె ఉన్నచోట దాటవద్దు. తోడా గేదెలకు కొత్తవాళ్లు గిట్టరు, పిల్లలను దూరంగా ఉంచండి. శాలువ మరువకండి. పులిహోర ఆకులోనే కట్టుకోండి. నీలగిరిలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం.