గాజుటింటి తోట, పందిటి తోట

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం సత్తెనపల్లి బస్టాండులో అరగంట నిలబడ్డవాడి దగ్గరకు పోయి, "అయ్యా, గాజుతో పెద్ద మేడ కట్టి అందులో తోట వేస్తే ఎలా వుంటుంది?" అని అడిగి చూడండి. ముందు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. తరవాత ఏ నీడపట్టునో కూర్చుని కాసిని మజ్జిగ తాగమంటాడు. ఆయన తప్పేమీ లేదు. వేసవి వచ్చిందంటే చాలు, మా రెంటచింతల ఎండ ఎన్ని డిగ్రీలు కాసిందో పత్రికలన్నీ వేస్తాయి. ఇలాంటి సీమలో గాజుటిల్లు కట్టటమంటే మొక్కల్ని కుడుముల్లా ఆవిరిమీద వుడికించటమే.

అయినా ఈ వారం గాజుటిళ్ళ సంగతే చెప్పుకోవాలి. కొడుకుల దగ్గరకో కూతుళ్ళ దగ్గరకో విదేశాలకు వెళ్ళివచ్చిన తలిదండ్రులు ఇప్పుడు మా వూళ్ళో వీధికి ఇద్దరు ముగ్గురు వున్నారు. వాళ్ళు చెప్పే కబుర్లలో తప్పకుండా వచ్చేది ఒకటున్నది: "టిక్కెట్టు కొని మరీ అద్దాలమేడలో అరటిచెట్టు చూశామండీ!" అని. విన్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వి వూరుకోకుండా ఆ మేడల చరిత్ర కొంత చదివాను.

లండను పక్కన క్యూ తోటలో 'పామ్ హౌస్' అనే గాజుమేడను 1844లో మొదలుపెట్టి 1848కి పూర్తిచేశారు. అంతా ఇనపకమ్ములూ, గాజుపలకలూ. ఎండ లోపలికి వస్తుంది, వచ్చిన వేడి తేలికగా బయటకు పోదు. శీతకాలంలో ఆ వేడి చాలదు గనక నేల కింద కొలుములు పెట్టి బొగ్గు మండించారు. ఆ పొగ మొక్కలకు తగలకుండా, చూసేవాళ్ళకు కనపడకుండా, భూమిలోంచి దూరాన వున్న ఒక గోపురం దాకా తీసుకుపోయారు. మన ఇళ్ళలో బాలింతరాలి మంచం కింద కుంపటి పెట్టేవారే, అచ్చంగా అదే వుపచారం తాటిచెట్లకూ అరటిచెట్లకూ చేశారన్నమాట!

ఇంత ఖర్చు ముచ్చటకోసం పెట్టారనుకుంటే పొరపాటు. 1876లో విక్‌హామ్ అనే ఆయన బ్రెజిలు నుంచి డెబ్భైవేల దాకా రబ్బరు గింజలు ఓడమీద తెచ్చి క్యూలో అప్పగించాడు. గాజుటింట్లో నాటితే సుమారు 2,700 మొలిచాయి. ఆ మొలకల్ని గాజుపెట్టెల్లో పెట్టి సింహళానికి పంపారు. ఆసియా ఖండంలో రబ్బరు తోటలకు మూలం ఆ మొలకలే. ఆ గాజుపెట్టె కథ కూడా తమాషా అయినదే. వార్డు అనే లండను డాక్టరు 1829లో ఒక సీసాలో పురుగుగూడు పెట్టి మూతవేస్తే, పురుగు సంగతి ఎలా వున్నా, అడుగున మట్టిలో ఎవరూ నీళ్ళు పోయకుండానే ఒక చిన్న ఫెర్ను మొక్క మొలిచింది. లోపలి తేమ ఆవిరై పైకిపోయి, మళ్ళీ బొట్లుగా కిందికి దిగి, ఆ మొక్కను బతికించింది. దానితో నెలల తరబడి సముద్రంమీద మొక్కల్ని చావకుండా పంపే వుపాయం దొరికింది. చీనా తేయాకు మొక్కలు మనదేశానికి వచ్చింది అలాంటి పెట్టెల్లోనే.

మనవాళ్ళకు దగ్గరలో వున్న గాజుటిల్లు బెంగుళూరు లాల్‌బాగ్‌లోది. హైదరాలీ నాటి తోటలో 1889లో దానికి శంకుస్థాపన జరిగింది. బెంగుళూరు తెలుగువాళ్ళకు అది పండగచోటు. జనవరి 26కూ, ఆగస్టు 15కూ జరిగే పూలప్రదర్శనలకు జనం విరగబడతారు. కాని ఒక్క మాట. ఆ వూరు సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున చల్లగా వున్నది. అక్కడ గాజుకప్పు చెల్లింది. దాన్నిచూసి మన పట్నాలలో కూడా గాజు బిగించబోయేవారు ముందు మా వూరి బస్టాండులో ఒక పూట గడిపి రావాలి.

మరి ఎండసీమలో మొక్కలకు ఇల్లు కట్టటం మనకు తెలియదా? భేషుగ్గా తెలుసు. పొన్నూరు ప్రాంతాన ఆకుతోట చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. తమలపాకు తీగ పుట్టినచోటు మలయా వైపు వానలడవి. దానికి చెమ్మ కావాలి, నీడ కావాలి, వడగాలి తగలకూడదు. గుంటూరు సీమలో ఈ మూడూ లేవు. అందుకని మన రైతు ముందు అవిసె గింజలు వరసలుగా వేస్తాడు. అవి ఎదిగాక వాటి మొదళ్ళకు తీగలు పాకిస్తాడు. జమ్ముతో కట్టుతాడు. పైకి పోయిన తీగల్ని దించి మళ్ళీ కట్టుతాడు. అడుగున తడి ఆరనివ్వడు. అవిసె ఆకు సన్నం, ఎండను పూర్తిగా ఆపదు, జల్లెడ పట్టి దింపుతుంది. వైశాఖమాసంలో గట్టుమీంచి ఆ వరసల్లోకి అడుగుపెడితే వేరే వూరికి వచ్చినట్టుంటుంది. పరదేశపు మొక్కను పరాయి ఎండలో కాపాడటానికి కట్టిన ఇల్లే గదా అది! ఇనుము లేదు, గాజు లేదు, బొగ్గు లేదు. కప్పు కూడా ప్రాణమున్నదే.

ఇల్లు సరే, అందులో ఏ మొక్కలు పెట్టాలి? చాలామంది క్రోటన్లు అంటారు. నాకు క్రోటన్లమీద కోపం లేదు గాని, నా లెక్క వేరు.

వాల్టర్ ఎలియట్ అనే దొర గుంటూరులో వుద్యోగం చేస్తూ, 1845లో పాత సత్తెనపల్లి తాలూకాలోని అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించాడు. ఆ శిల్పాలు మద్రాసు చేరి, అక్కణ్ణించి 1859లో లండనుకు ఓడెక్కాయి. అదే 1859లో ఆయన కూర్చిన 'ఫ్లోరా ఆంధ్రికా' మద్రాసులో అచ్చయింది. తెలుగుదేశపు మొక్కలకు మనవాళ్ళు పెట్టుకున్న పేర్లు, వాటికి సరిపడే శాస్త్రనామాలు అందులో వున్నవి. శిల్పాలు పోయాయని మనం ఇప్పటికీ బాధపడతాం. ఆ పుస్తకంలోని పేర్లు నాలుకమీంచి జారిపోతున్నందుకు బాధపడినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆ పేర్లు తక్కువవి కావు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో వుండి మొక్కలు పరిశోధించిన డాక్టరు రాక్స్‌బరో, మన సోమిడ చెట్టు బెరడు చలిజ్వరానికి సింకోనాకు బదులు వాడవచ్చునని రాశాడు. తరవాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టుకు తెలుగుపేరునే లాటిను చేసి 'సోయ్‌మిడా' అన్నారు. ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడైనా ఆ చెట్టును తెలుగులో పిలవక తప్పదు. మనం పిలవం!

ఇంకొకటి. క్యూ గాజుమేడలో పెంచి చూపించిన మొక్కల్లో బిళ్ళగన్నేరు వున్నది. మడగాస్కరునుంచి వచ్చి మన శ్మశానాల పక్కన, చప్టాల సందుల్లో అడక్కుండా పూసే ఆ బిళ్ళగన్నేరే. చక్కెరజబ్బుకు మంచిదన్న నాటుమాటను పట్టుకుని 1950లలో కెనడా డాక్టర్లు పరీక్షిస్తే చక్కెర తగ్గలేదు గాని, నెత్తురులో తెల్లకణాలు తగ్గాయి. ఆ దారిన వచ్చిన మందులతోనే పసిపిల్లల రక్తపు కాన్సరు ఎంతో నయమవుతున్నది. (ఎవరూ ఆకు కోసి నమలకండి. మందు చేయటం వేరు, నమలటం వేరు. ఆకు విషం.)

నల్లేరు సంగతి మరీ విచిత్రం. "నల్లేరుమీద బండినడక" అని సభల్లో ఉపన్యాసకులు అనని రోజు లేదు. మొన్న ఒక హైస్కూల్లో పిల్లల్ని నల్లేరు అంటే ఏమిటని అడిగితే, ఒకడు వాగు అన్నాడు, ఒకడు వూరు అన్నాడు. బడిగోడ వెనక కంచెమీద నల్లేరు పాకివున్నది.

కనుక నే నడిగేది పెద్ద మేడ కాదు. బడి ఆవరణలో బోరింగు పక్కన అవిసె నాలుగు వరసలు వేయించండి. అవి ఎదిగేదాకా తాటాకు పందిరి చాలు. కింద పాత నూనెడబ్బాలలో మన మొక్కలు పెట్టి, రేకుముక్కలమీద తెలుగుపేర్లు రాయించండి. పేర్లకోసం పిల్లల్ని వాళ్ళ అవ్వల దగ్గరకు పంపండి, ఆలస్యం చేయకుండా ఈ సెలవుల్లోనే. మొదటి డబ్బాలో నల్లేరు పెట్టండి. సెలవుల్లో నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా అది బతికే వుంటుంది.