ముత్తాత పతకం, మునిమనవడి ఆపరేషన్

ఆస్పత్రి ఖర్చు మీద పడిన ఇంట్లో అమ్మకాలకు ఒక వరుస ఉంటుంది. ముందు బంగారం తాకట్టుకు వెళ్తుంది. తర్వాత పాడి గేదె, ఆపైన రోడ్డు వార ఉన్న నాలుగు సెంట్లు. అప్పు పుట్టే చోట్లన్నీ అయిపోయాక అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. నల్ల రంగు వేసిన రేకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. లోపల ఊలు స్వెట్టరు, బెల్టు బకిల్, రంగు వెలిసిన రిబ్బన్లకు వేలాడే నాలుగు పతకాలు, వాటి కింద గుడ్డలో చుట్టిన డిశ్చార్జి బుక్కు.

అనకాపల్లి ప్రాంతంలో ఇలాంటి పెట్టెలకు కొదవలేదు. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖ కూతవేటు దూరంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న విశాఖ నుంచి విడిపోయి జిల్లాగా ఏర్పడిన అనకాపల్లికి రాంబిల్లి తీరంలో నౌకాదళం కొత్త స్థావరం కూడా దక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. పశ్చిమ గోదావరిలో ‘మిలటరీ మాధవరం’ అని పేరుపడ్డ ఊరు సంగతి తెలిసిందే. అంత పేరు రాకపోయినా ఒకరిద్దరు సైనికులు లేని పల్లె ఉత్తరాంధ్రలో అరుదు.

పిల్లవాడి గుండెకు రంధ్రం ఉందనో, ఎముక మూలుగ మార్చాలనో డాక్టరు చెప్పిన రోజున ఆ పెట్టెకు ఎంత పలుకుతుంది? ఈ లెక్క ముందే తెలిసి ఉండటం మంచిది. తెలియనివాళ్లే ఎక్కువ మోసపోతారు.

మొదట లోహం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. బరువు ఒక ఔన్సుకు అటూ ఇటూ, అంటే దాదాపు 30 గ్రాములు. కిలో వెండి 2 లక్షల రూపాయలున్నా ఆ పతకం విలువ 6 వేలకు మించదు. ఒక ఎమ్మారై స్కానింగ్‌తో సరి. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లు రాగి, జింకు కలిపిన లోహం. ఇండియా సర్వీస్ మెడల్ రాగి, నికెల్ మిశ్రమం. స్వాతంత్ర్యం తర్వాత మన ప్రభుత్వం ఇచ్చిన సేవా పతకాల్లో ఎక్కువ భాగమూ అంతే. కంసాలి గీటురాయి మీద రుద్ది చూసి తిరిగిచ్చేస్తాడు. 1980లో ప్రపంచవ్యాప్తంగా వెండి ధర ఆకాశానికి ఎగిసినప్పుడు వెండి యుద్ధ పతకాలు కుప్పలుగా కరిగిపోయాయి. ఆ పతకాల అంచున పొడిచిన సైనికుడి నంబరు, పేరు, పటాలం పేరు కూడా లోహంతోపాటే పోయాయి. సేకరణదారుడు డబ్బు పెట్టేది ఆ అక్షరాలకే. భూతద్దం పెడితేగానీ కనిపించని ఆ వరుసను చదవకుండా కొలిమిలో వేయడం కన్నా తెలివితక్కువ బేరం ఉండదు.

అలాగని సేకరణ మార్కెట్టు కూడా కాసులు కురిపించదు. లక్షల్లో పంచిన పతకానికి అరుదుతనం ఉండదు. వీరత్వానికి ఇచ్చిన పతకం, దాని ప్రశంసా పత్రం, అదే సైనికుడి మిగతా పతకాలు విడదీయకుండా ఒక్కచోట ఉంటేనే ధర లేస్తుంది. లండన్ వేలాల్లో విక్టోరియా క్రాస్‌కు లక్షల పౌండ్లు పలుకుతాయి. ఆ వార్త చదివి పూర్వీ స్టార్ పట్టుకుని బజారుకు వెళ్లిన మనిషి వెక్కిరింతే మూటగట్టుకుని వస్తాడు. 1971లో తూర్పు రంగంలో పనిచేసిన ప్రతివారికీ ఇచ్చిన పతకం అది. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిన ఆ డిసెంబరు రాత్రి నౌకాదళంలో ఉన్న మనిషి కుటుంబానికి దానికి మించింది లేదు. కొనేవాడికి అది ఎన్నో వాటిలో ఒకటి.

ఇక చట్టం. 1950 నాటి ఆర్మీ చట్టం ప్రకారం సర్వీసులో ఉన్న సైనికుడు తన పతకాన్ని అమ్మినా, తాకట్టు పెట్టినా శిక్షార్హుడు. అతని మునిమనవడికి ఆ చట్టం వర్తించదు. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తించవచ్చు. చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువుకు వందేళ్లు నిండితే అది పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలకు ఇప్పటికే ఆ గడువు దాటింది. కాబట్టి విదేశంలో అమ్మిపెడతానని వాట్సాప్‌లో పలకరించే దళారిని గడప దగ్గరే ఆపేయాలి. పెట్టెలో పాత పిస్తోలు బయటపడితే అది అమ్మకపు సరుకే కాదు. లైసెన్సు లేకపోతే నేరుగా పోలీస్ స్టేషన్‌లో అప్పగించాల్సిందే.

దొంగ దారిలో వెళ్లిన పతకం ఎక్కడ తేలుతుందో చెప్పడానికి నాయక్ కిర్పారాం ఉదంతం ఉంది. 1945 సెప్టెంబరులో బెంగళూరు దగ్గర తొండేభావిలో శిక్షణ జరుగుతుండగా, గురితప్పి పడిన గ్రెనేడ్ నుంచి తోటివారిని కాపాడబోయి ఆయన ప్రాణం పోగొట్టుకున్నారు. మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు. హిమాచల్ ప్రదేశ్‌లోని పల్లెలో ఆయన భార్య భద్రంగా దాచుకున్న పతకం 2002లో చోరీ అయింది. 2009లో లండన్ వేలం కేటలాగులో ప్రత్యక్షమైంది. అభ్యంతరాలు రావడంతో వేలం ఆగింది.

పతకం అమ్మి పసివాడిని బతికించుకున్న కథలు లేవా? ఉన్నాయి. పోలండ్ డిస్కస్ త్రోయర్ పియోత్ర్ మలహోవ్‌స్కీ కంటి క్యాన్సర్ వచ్చిన మూడేళ్ల బాబు కోసం 2016 రియో ఒలింపిక్ రజతాన్ని వేలానికి పెట్టారు. అదే దేశపు జావెలిన్ క్రీడాకారిణి మరియా ఆండ్రెయ్‌చిక్ 2021 టోక్యో రజతాన్ని ఒక పసికందు గుండె ఆపరేషన్ కోసం పెట్టారు. కొన్న దుకాణాల సంస్థ డబ్బిచ్చి పతకాన్ని ఆమె దగ్గరే ఉంచేసింది. చదివితే మనసు నిండుతుంది. కానీ ఆ ధర ఒలింపిక్ పేరుకు, టీవీ కెమెరాకు పలికిన ధర. అదే 2021లో హైదరాబాద్‌లో వెన్నెముక కండరాల క్షీణత ఉన్న మూడేళ్ల బాబు ఇంజెక్షన్‌కు 16 కోట్లు కావాల్సి వస్తే వేలాది మంది చందాలతో అది సాధ్యమైంది. సినిమా తారలు, క్రికెటర్లు గొంతు కలిపినందుకే అంత దూరం వెళ్లింది. చోడవరం దగ్గరి బిడ్డకు ఆ అదృష్టం పట్టకపోతే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకం పింఛనుదారుకు, భార్యకు లేక భర్తకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు వర్తిస్తుంది. మనవలకు వర్తించదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో పింఛను లేకుండా ఇంటికి పంపేసిన వేలాది మందికైతే 2019 దాకా ఆ పథకంలో చోటే లేదు. వారికీ వారి భార్యలకూ సైనిక సంక్షేమ శాఖ నెలవారీ సాయం ఇస్తోంది. అదీ వారితోనే ఆగిపోతుంది. సర్కారు దృష్టిలో పతకం తరాలు దాటే గౌరవం. వైద్యం మాత్రం మనవల దాకా రాని సౌకర్యం. ఆరోగ్య బీమా లెక్కల్లో ఇది సబబే కావచ్చు. ప్రతి సైనికుడి వంశమంతటికీ ఉచిత వైద్యం ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ కుదరదు. కుదిరేది మరొకటుంది.

ఆ పిల్లవాడికి దారులు నిజానికి ఉన్నాయి. వాటిని కలిపే మనిషే లేడు. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం ఉంది. పుట్టుకతో వచ్చే లోపాలను అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షించి గుర్తించే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. చిన్నారుల గుండె ఆపరేషన్లకు తిరుపతిలో టీటీడీ 2021 అక్టోబరులో తెరిచిన పద్మావతి ఆస్పత్రి ఉంది. అరుదైన జబ్బులకు కేంద్ర విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాద్ నిమ్స్ దానికి గుర్తింపు పొందిన కేంద్రం. ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రికి హామీ ఇచ్చే ముఖ్యమంత్రి సహాయ నిధి ఎల్ఓసీ ఉంది. వీటిలో ఏ తలుపు ముందు తట్టాలో తెలియక తండ్రి అంబులెన్సుకు అప్పు చేస్తాడు, కాగితాలకు తిరుగుతాడు, చివరికి ట్రంకు పెట్టె తెరుస్తాడు. దేశంలో మొత్తం వైద్య వ్యయంలో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం. 2021-22కి 39.4 శాతానికి దిగింది. దిగడం మంచిదే. మిగిలిన ఆ 39 శాతంలోనే ఇలాంటి ఇళ్లన్నీ ఉన్నాయి.

అనకాపల్లి కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం అర్జీల స్వీకరణ జరుగుతుంది. సైనికుడి వారసుడు పిల్లవాడి ఆస్పత్రి కాగితాలతో వస్తే ఆ అర్జీ సైనిక సంక్షేమ అధికారికీ, వైద్యసేవ సమన్వయకర్తకూ ఒకేసారి చేరాలి. ఆ రోజే ఒకరికి బాధ్యత అప్పగించాలి. కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు సంతకం చాలు. అప్పటికీ పతకం అమ్మక తప్పని ఇంటి కోసం మరో ఏర్పాటు కావాలి. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని ప్రదర్శనశాలగా మార్చి జనానికి చూపిస్తున్న ఊరికి, స్థానిక సైనికుల పతకాలను న్యాయమైన ధరకు కొని, కుటుంబం తేరుకున్నాక అదే ధరకు తిరిగి ఇచ్చే నిధి ఒకటి పెట్టుకోవడం పెద్ద భారం కాదు.

ఈలోగా పెట్టె తెరిచినవాళ్లు పతకాలను చింతపండుతో తోమకూడదు, రిబ్బన్లు మార్చకూడదు, విడివిడిగా అమ్మకూడదు. డిశ్చార్జి బుక్కును మాత్రం ఏ ధరకూ ఎవరికీ ఇవ్వకూడదు. సైనికుడి భార్య బతికి ఉండి, ఆమె పేరు సర్వీసు రికార్డులో ఎక్కి లేకపోతే, సంక్షేమ కార్యాలయం మొదట అడిగేది ఆ పుస్తకమే.