చందమామకు లింకు డాక్యుమెంట్లు

హ్యూస్టన్‌లో ఉండే మా మేనల్లుడు మొన్న వచ్చినప్పుడు నాకో కానుక తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద అక్రిలిక్ దిమ్మె, దాని నడుమ చిటికెనవేలి గోరంత పసుపుపచ్చ రేకు. ‘అపోలో 11 మావయ్యా! ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు వెళ్లొచ్చిన కొలంబియా మీది రేకు’ అన్నాడు. వాళ్లమ్మ, అంటే మా అక్కయ్య, కళ్లద్దాలు పెట్టుకుని చూసి ‘ఎన్ని గ్రాములుంటుందిరా?’ అంది. బంగారం కాదని వాడు నచ్చజెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి.

ఆ రేకు పేరు కాప్టన్. డూపాంట్ కంపెనీ 1960లలో తెచ్చిన ప్లాస్టిక్ పొర అది. కాగే ఎండకు కరగదు, కొరికే చలికి పగలదు. కొలంబియా ఒంటికి అతికించిన ఈ రేకును నౌక తిరిగొచ్చాక ఊడదీసి, అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్లకు జ్ఞాపికలుగా ఇచ్చారు. వాటి నుంచి కత్తిరించినవంటూ చిన్న ముక్కలు ఇప్పుడు బజారుకు వస్తున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ సరుకు చంద్రుడి దాకా వెళ్లిన నౌకకు ఒక్కదానికే వాడింది కాదు. మన శ్రీహరికోట నుంచి ఎగిరే ఉపగ్రహాలకు చుట్టే బంగారు రంగు దుప్పట్లూ ఆ జాతివే. ఎలక్ట్రానిక్ వస్తువుల లోపల మడతపడే సన్నటి సర్క్యూట్లలోనూ అదే. నా దిమ్మెను పగలగొట్టి ల్యాబుకు పంపితే ‘ఇది కాప్టనే’ అని చెబుతారు. అంతవరకే.

మట్టి పరీక్ష చేయిస్తే నల్లరేగడో ఎర్రనేలో తెలుస్తుంది. సర్వే నంబరు తెలియదు. అందుకే మనవాళ్లు వంద గజాల ప్లాటు కొనాలన్నా లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు. అంత జాగ్రత్తపరుడైన ఇంజినీరు మా మేనల్లుడు, గోరంత రేకు దగ్గర మాత్రం రంగుల సర్టిఫికెట్ చూసి డబ్బు కట్టేశాడు.

రాళ్ల సంగతి వేరు. రాయికి నోరుంది. 1865 ఆగస్టు 25న బీహార్‌లో గయ దగ్గరి షెర్ఘాటీలో సుమారు 5 కిలోల రాయి ఆకాశం నుంచి పడింది. దాని పుట్టిల్లేదో వందేళ్లు దాటినా తేలలేదు. 1979-80లో అంటార్కిటికా మంచులో దాని జ్ఞాతిలాంటి ఉల్క ఒకటి దొరికింది. ఎప్పుడో తగిలిన దెబ్బకు కరిగి గాజయిన చోట ఆ రాతిలో ఇంత గాలి చిక్కుకుని ఉంది. 1983లో ఆ గాలిని విడదీసి చూస్తే, 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద కొలిచి పంపిన గాలి లెక్కలతో సరిపోయింది. కాగితం ముక్క లేకుండా, మనిషి కాలు పెట్టకుండా, ఒక బుడగలోని గాలే ఊరి పేరు చెప్పింది. ఆ జాతి రాళ్లన్నిటినీ ఇవాళ ప్రపంచమంతా మన షెర్ఘాటీ పేరుతోనే షెర్గొటైట్లు అంటోంది. గయ వెళ్లొచ్చిన మనవాళ్లలో ఈ మాట తెలిసినవారు నాకింకా తారసపడలేదు.

చంద్రశిలకూ ఇలాంటి పుట్టుమచ్చలున్నాయి. ఆరు యాత్రల్లో అపోలో వ్యోమగాములు తెచ్చిన 382 కిలోల రాళ్లలో, మట్టిలో నీటిని ఒంటబట్టించుకున్న ఖనిజాలు దాదాపు కనిపించవు. ఇనుప రేణువులుంటాయి, వాటికి తుప్పు దాదాపు ఉండదు. గాలి అడ్డులేని చోట పడి ఉన్నవి కాబట్టి పైన సూదిపోట్లలాంటి గుంటలుంటాయి, అణువంత ఉల్కలు తగిలినవి. రాయినడిగితే చెబుతుంది. అడగాలి మరి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం వాళ్లు చాలాకాలం అడగలేదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు నెదర్లాండ్స్ వచ్చినప్పుడు అమెరికా రాయబారి మాజీ ప్రధాని విల్లెమ్ డ్రీస్‌కు ఓ రాయి ఇచ్చాడు. 1988లో డ్రీస్ పోయాక అది మ్యూజియానికి చేరి చంద్రశిలగా చలామణీ అయింది. తీరా 2009లో పరీక్షిస్తే శిలగా మారిన చెట్టు మాను! చందమామలో చెట్టు కింద కుందేలుందని కథ చెప్పే మనమైనా నమ్ముతామేమో గానీ, భూగర్భ శాస్త్రజ్ఞులు నమ్మలేదు. రాయితో వచ్చిన కార్డు వ్యోమగాముల పర్యటన గురించి చెప్పిందే తప్ప చంద్రుడి ఊసెత్తలేదు. ప్రధాని, రాయబారి, మ్యూజియం. ఇంత పెద్ద చేతులు మారిన వస్తువును శంకించడానికి మొహమాటం అడ్డొచ్చింది.

దీనికి తలకిందులైన కథ ఒక సంచీది. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ మొట్టమొదట ఎత్తిన మట్టిని దాచి తెచ్చిన తెల్ల సంచీ అది. కాన్సస్‌లోని ఒక మ్యూజియం మాజీ డైరెక్టర్ మీద దొంగతనం కేసు నడిచినప్పుడు జప్తయిన సామానులో దొరికింది. జాబితాలో నంబరు తారుమారై, అపోలో 17లో వెళ్లిన మరో సంచీ నంబరే దీనికీ పడింది. ఇదేమిటో ఎవరికీ పట్టలేదు. 2015లో ప్రభుత్వం వేలం వేస్తే ఒక మహిళ 995 డాలర్లకు పాడుకుంది. నిజమైనదో కాదో చూసిపెట్టమని నాసాకే పంపింది. దారాల సందున చంద్రధూళి ఉందని తేలింది. అప్పుడు నాసా ‘ఇది మాది, ఇవ్వం’ అని కూర్చుంది! ఆమె కోర్టుకెక్కి గెలిచింది. చంద్రుడి మీద దిగిన రోజైన జులై 20నే, 2017లో, సోథెబీస్ వేలంలో ఆ సంచీ 18 లక్షల డాలర్లు పలికింది. కోర్టు తీర్పు నాకు న్యాయంగానే తోచింది. తన సామానుకు సరైన నంబరు వేసుకోలేని కొట్టు, కొన్నవాళ్లను దొంగల్లా చూడటం ఏం మర్యాద?

ఆ సంచీని కాపాడింది ధూళి ఒక్కటే కాదు. అది చిరగకుండా, కుట్లూ అచ్చు అక్షరాలూ నంబరూ దాని మీదే ఉండిపోవడం. అదే సంచీని పదివేల ముక్కలు చేసి దిమ్మెల్లో పోసి అమ్మి ఉంటే ప్రతి ముక్కా ఒట్టి గుడ్డపీలిక అయ్యేది. ఈ వ్యాపారంలో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నంబరున్న అంచు ఒకడికి, కుట్టున్న మూల ఇంకొకడికి పోతుంది. మిగిలిన వందమందికీ సర్టిఫికెట్లు. కత్తెర పడిన ప్రతిసారీ వస్తువు కాదు తెగేది, సాక్ష్యం.

1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన నెత్తినే పడుతుందని కోళ్లూ మేకలూ కోసుకు తిన్న రోజులు నాకు గుర్తే. ఆ ఏడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. అది పోయి పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలింది. అక్కడి 17 ఏళ్ల కుర్రాడొకడు ఇంటి దగ్గర దొరికిన మసిముక్కల్ని పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్లు గెలుచుకొచ్చాడు. పడిన చోటికీ అతడి చేతికీ నడుమ మూడోవాడు లేడు. అంతకన్నా మంచి దస్తావేజు ఏముంటుంది?

ఇక ‘అపోలో తెచ్చిన రాయి’ అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి. అపోలో రాళ్లను అమెరికా ప్రైవేటు వ్యక్తులకు అమ్మలేదు. హోండురాస్‌కు బహుమతిగా ఇచ్చిన గ్రాము పైచిలుకు చంద్రశిలను 1998లో మయామీలో 50 లక్షల డాలర్లకు బేరం పెట్టినవాడి దగ్గరికి, కొనేవాళ్ల వేషంలో అధికారులే వెళ్లారు.

నా రేకు విషయానికొస్తే, ఏ జ్ఞాపిక నుంచి కత్తిరించారు, అది మొదట ఎవరికిచ్చింది, వాళ్ల నుంచి మీ దాకా ఎవరెవరి చేతులు మారింది అని అమ్మినవాళ్లను అడగమన్నాను. మేనల్లుడు మొహమాటపడుతూనే రాశాడు. జవాబుగా అదే సర్టిఫికెట్ ఫొటో మళ్లీ వచ్చింది. ముప్పై రోజుల్లోపు సరుకు వాపసు తీసుకుంటారట. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు.