నడుం పట్టే చేతికి సంకెళ్ళా?

కడుపుతో ఉన్న పిల్లకి ఒళ్ళు పట్టకూడదట! అండమాన్‌లో చెకప్‌కి వెళ్ళిన మన ఆడపిల్లలు చాలామంది వినే ఆదేశం ఇది. ఎందుకమ్మా అని అడిగితే ఉరిమే చూపులు. అత్తగారు నూనె గిన్నె పట్టుకుంటే మొరటుతనం. అదే నూనె రిసార్టు స్పాలో చిన్న సీసాలోకి చేరి, మెత్తని తువ్వాలు పక్కన కూర్చుంటే ఆరోగ్యం! పేదింటి చెయ్యి ప్రమాదం, బిల్లు వేసే చెయ్యి వైద్యం. ఏ శాస్త్రంలో ఉందీ న్యాయం?

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలల కోసం, కూలి కోసం ఈ దీవులకొచ్చిన మనవాళ్ళు జంగ్లీఘాట్‌లో కాపురాలు పెట్టారు. వాళ్ళతోపాటే మంత్రసానుల చేతి పనితనమూ సముద్రం దాటింది. నికోబారుల్లో కొబ్బరినూనెతో మర్దన చేసే పెద్దలు మనకంటే ముందు నుంచీ ఉన్నారు. ఇన్ని చేతులు కళ్ళెదుట ఉండగా, ఒక్క "వద్దు"తో వాటిని చెరిపేయగలమనుకోవడం అధికారుల అహంకారం.

లిటిల్ అండమాన్‌లోని హట్ బే నుంచి వచ్చే ఓడలో చూడండి. ఎనిమిదో నెల పిల్ల బంకు మీద ఎడమవైపు తిరిగి పడుకుని ఉంటుంది. ఓడ ఊగినప్పుడల్లా పళ్ళు బిగబడుతుంది. పక్కనున్న పెద్దావిడ అరచేతులు రుద్దుకుని నడుముకి రెండువైపులా, వెన్నెముక మీద భారం పడకుండా, మెల్లగా పడుతుంది. కాసేపటికి ఆ పిల్ల భుజాలు దిగుతాయి. కడుపు బరువు ముందుకి లాగుతుంటే నడుం వంపు తిరుగుతుంది, కీళ్ళ పట్టు సడలుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువుని సడలించడమే ఒళ్ళు పట్టడం. అద్భుతాలేవీ లేవు, అపచారమూ లేదు. నొప్పులు పడే తల్లి కోరుకుంటే మర్దన, వేడికాపడం వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మూడు నెలల్లోపు వీపు పడితే గర్భం పోతుందన్న బెదిరింపుకి ఆధారమే లేదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో ఎక్కువ భాగం పిండంలోని క్రోమోజోమ్ లోపాల వల్ల పోతాయి. ఆ పాపం అత్తగారి చేతికి అంటగట్టకండి.

అలాగని మంత్రసాని చేసిందల్లా వేదం అనను. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందనో, అడ్డం తిరిగిందనో పొట్ట మీద రెండు చేతులూ వేసి "కడుపు సర్దడం" ఉందే, అది ప్రాణాలతో చెలగాటం. మాయ ఊడి తల్లి రక్తపుమడుగులో పడొచ్చు, గర్భసంచీ చిట్లొచ్చు. ఎదురుకాళ్ళ బిడ్డను తిప్పే ప్రయత్నం డాక్టర్లు కూడా సాధారణంగా 37 వారాలు వచ్చాకే చేస్తారు. అదీ స్కాన్ చూసుకుని, ఆపరేషన్‌కి వీలున్న చోట. కాన్పు నొప్పుల్లో పైనుంచి పొట్ట నొక్కడం కూడా తప్పే. ఆ పని చేసేది పల్లె మంత్రసాని అయినా, తెల్లకోటు వేసినవాళ్ళయినా తప్పే.

నిషేధం ఈ తేడా నేర్పదు. తలుపు వేయిస్తుంది, అంతే. వీపు పట్టించుకున్న పిల్ల తిట్లకు జడిసి నోరు విప్పదు, కడుపు సర్దించుకున్న పిల్ల కూడా విప్పదు. ప్రమాదం మాత్రం ఆ చీకట్లోనే పెరుగుతుంది. శాంతి థెరెసా లక్రాకి 2011లో పద్మశ్రీ ఎందుకిచ్చారు? లిటిల్ అండమాన్‌లో డ్యూగాంగ్ క్రీక్‌లోని ఓంగీ ఆదివాసుల మధ్యే ఉండి, వాళ్ళ నమ్మకం గెలుచుకుని నర్సుగా సేవ చేసినందుకు. కసురుకున్నందుకు కాదు. తెలంగాణలో 2017లో కరీంనగర్ ఆస్పత్రిలో నర్సులకు మిడ్‌వైఫరీ నేర్పడం మొదలుపెట్టారు. తల్లి పక్కన నిలబడి నొప్పిని ఓర్చుకునేలా తోడుండడం ఆ చదువులో భాగమే. అక్కడ విద్య అయింది ఇక్కడ మొరటుతనం ఎలా అవుతుంది?

చెప్పాల్సింది చాలా తక్కువ. వీపు, భుజాలు, చేతులు, పాదాలు మెల్లగా పట్టండి. పొట్ట జోలికి పోకండి. నెలలు పెరిగాక వెల్లకిలా కాదు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే చెయ్యి వేయకండి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. తలపోటు, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం కనిపిస్తే గుర్రపువాతం ముంచుకొస్తోందేమో, ఆస్పత్రికి పరుగెత్తండి. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే.

ఈ నాలుగు ముక్కలు తెలుగులో, బెంగాలీలో, తమిళంలో, హిందీలో, నికోబారీలో ఒక కార్డు మీద అచ్చేసి ప్రతి గర్భిణికీ ఇవ్వండి. ఆశా కార్యకర్తనీ, ఊళ్ళో ఒళ్ళు పట్టే పెద్దావిడనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చేత్తో చేయించి చూపండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, పెద్ద యంత్రం అక్కర్లేదు. ఇదీ చేయలేని వాళ్ళకి "వద్దు" అనే హక్కు లేదు.