బాకీ రాయని ఖజానా

ఉక్కు కర్మాగారం పేరు మీద కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో 2007 నుంచి 2023 దాకా నాలుగు శంకుస్థాపనలు జరిగాయి. 2007లో బ్రాహ్మణి స్టీల్స్‌కు వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేశారు. 2018 డిసెంబర్‌లో మైలవరం మండలం కంబాలదిన్నెలో చంద్రబాబు నాయుడు చేశారు. 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్లపల్లెలో జగన్మోహన్ రెడ్డి చేశారు. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో, ఈసారి జిందాల్ సంస్థతో కలిసి, మళ్లీ ఆయనే చేశారు. మధ్యలో 2014 విభజన చట్టం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో తేల్చమని కేంద్ర సంస్థ సెయిల్‌కు చెప్పింది. ఇన్ని జరిగాక కూడా ఆ నేలలో ఉక్కు పుట్టలేదు. తప్పు ఏ పార్టీది అన్న వాదన ఇక్కడి టీ అంగళ్లలో రోజూ వినబడేదే. నాకు మాత్రం ఇంకో ప్రశ్న ముఖ్యం. రాయి వేసిన ఏడాదికి బడ్జెట్‌లో ఎంతో కొంత కేటాయించి ఉండవచ్చు. రెండో ఏడాది, మూడో ఏడాది, ఐదో ఏడాది డబ్బు ఎంత కావాలో, ఎక్కడి నుంచి తెస్తారో పనివారీగా చెప్పే పేజీ మన బడ్జెట్‌లో ఏది?

ఆ పేజీ లేదు. భవిష్యత్తులో కట్టాల్సిన డబ్బుకే కాదు, ఇప్పటికే బాకీ పడ్డ డబ్బుకు కూడా మన ఖజానా లెక్కల్లో సరైన చోటు లేదు. ప్రొద్దుటూరులో బంగారమో బట్టో అమ్మే వ్యాపారి సరుకు అరువు తెచ్చుకుంటే ఆ సాయంత్రానికే చిట్టాలో ఎక్కిస్తాడు, ఇచ్చినవాడి పేరు మీద ఆవర్జాలో జమ కడతాడు. డబ్బు ఎప్పుడిచ్చినా బాకీ మాత్రం ఆ పూటే పుస్తకానికెక్కుతుంది. కేంద్రమైనా రాష్ట్రమైనా మన ప్రభుత్వాల లెక్క నగదు లెక్క. డబ్బు బయటికి వెళ్లిన రోజే ఖర్చు. రోడ్డు వేసి, కొలతలు ఎం.బుక్ అనే కొలతల పుస్తకంలో రాసి, బిల్లు పెట్టి రెండేళ్లయినా సరే, చెల్లించకపోతే ఆ ఖర్చు జరగనట్టే. బిల్లులు ఆపిన ప్రభుత్వానికి లోటు తక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి కింద పనిచేసేవాళ్లు పడే బాధ పులివెందులలోనైనా ప్రొద్దుటూరులోనైనా ఒకటే. చిన్న కాంట్రాక్టరు అప్పు తెచ్చి సిమెంటు కాలువ కడతాడు. ఇంజినీరు కొలతలు రాస్తాడు, బిల్లులు పెట్టే అధికారి డీడీఓ బిల్లు ఎక్కిస్తాడు, ఖజానా కంప్యూటర్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో నంబరు వస్తుంది. అక్కడి నుంచి ఎదురుచూపు. కింది కార్యాలయంలో బిల్లు పాసైనా డబ్బు ఎప్పుడు పడేదీ అక్కడివాళ్లకు తెలియదు. ఆ నిర్ణయం వెలగపూడి సచివాలయంలో జరుగుతుంది. మార్చి 31 వచ్చిందంటే, చెల్లించని బిల్లు మురిగిపోయి కొత్త ఏడాది కేటాయింపు కోసం మళ్లీ మొదటికి వస్తుంది. వడ్డీ మాత్రం మురిగిపోదు. రెండుసార్లు ఇలా దెబ్బతిన్నవాడు మూడో టెండరు వేయడు. చివరికి మిగిలేది ఏళ్ల తరబడి ఓపిక పట్టగల పెద్ద సంస్థలు, బిల్లు ఎవరితో చెప్పిస్తే కదులుతుందో తెలిసినవాళ్లు. వాళ్లు ఎదురుచూపు ఖరీదును కూడా కలుపుకొనే రేటు కోట్ చేస్తారు. ఆ అదనం కట్టేది మనమే.

ఇది చాదస్తపు ఫిర్యాదు కాదు, న్యాయస్థానం దాకా వెళ్లిన సంగతి. ఉపాధి హామీ కింద 2018-19లో చేసిన పనుల బిల్లులు ఆగిపోతే వందల మంది హైకోర్టుకు ఎక్కారు. నాలుగు వారాల్లో, 12 శాతం వడ్డీతో కట్టమని 2021 అక్టోబర్‌లో కోర్టు ఆదేశించింది. 2019లో ప్రభుత్వం మారింది కాబట్టి పాత పనికి బాధ్యత లేదన్నట్టు నడుచుకోవడం కుదరదని దాని అర్థం. ఆ మరుసటి నెలే సర్పంచులు రోడ్డెక్కారు. ఆర్థిక సంఘం గ్రాంటుగా వచ్చిన డబ్బు తమ పంచాయతీ ఖాతాల్లో లేకుండా పోయిందని. విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశామని ప్రభుత్వం చెప్పింది. కరెంటు బాకీ నిజమే కావచ్చు. ఖాతాదారుకు చెప్పకుండా ఖాతా నుంచి తీసుకోవడాన్ని సర్దుబాటు అనడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

కంప్యూటర్లు వస్తే ఇవన్నీ పోతాయని ఒకప్పుడు గట్టిగా నమ్మాం. 2018 ఏప్రిల్‌లో వచ్చిన సీఎఫ్ఎంఎస్ చిన్న మార్పు కాదు. కాగితాల కట్టలతో ఖజానా చుట్టూ తిరగడం తగ్గింది, బిల్లు ఏ మెట్టు మీద ఉందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. కానీ మూడేళ్లు దాటగానే, 2021 జూలైలో, అప్పటి ప్రజాపద్దుల కమిటీ చైర్మన్ పయ్యావుల కేశవ్ సుమారు 41 వేల కోట్ల రూపాయల చెల్లింపులకు వోచర్లు లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. అవి పుస్తక సర్దుబాట్లే తప్ప డబ్బు పక్కదారి పట్టలేదని ప్రభుత్వం జవాబిచ్చింది. వాటిని 'స్పెషల్ బిల్లులు' అన్నారు. అలాంటి వర్గం ట్రెజరీ కోడ్‌లోనే లేదని ఆ తర్వాత ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ తేల్చింది. డబ్బు పోలేదనే అనుకుందాం. కోడ్‌లో లేని తలుపును సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఏ ఉత్తర్వుతో తెరిచారన్న ప్రశ్న అలాగే ఉంటుంది. యంత్రం మారినా, దాన్ని నడిపే నియమానికి కాపలా లేదు.

అలెన్ షిక్ అనే ప్రభుత్వ బడ్జెట్ల నిపుణుడు 1998లో రాసిన ఒక వ్యాసం వర్ధమాన దేశాల ఆర్థిక శాఖల్లో ఇప్పటికీ చర్చకు వస్తుంది. న్యూజిలాండ్‌లో ఫలించిన సంస్కరణలను చూసి అన్ని దేశాలూ పరుగు తీయవద్దని ఆయన హెచ్చరించారు. రాసిన బడ్జెట్‌కు కట్టుబడి ఉండటం, నగదును అదుపులో పెట్టడం, లెక్క నమ్మదగ్గదిగా ఉంచడం ముందు రావాలి, మిగతావి తర్వాత అన్నది ఆయన వాదన. పెఫా అనే అంతర్జాతీయ కొలమానంలో ప్రభుత్వ బకాయిలకు ప్రత్యేక సూచిక ఉంది. చెల్లించని బిల్లులు మొత్తం వ్యయంలో 2 శాతం మించకపోతే మేలైన గ్రేడు, 10 శాతం దాటితే అట్టడుగు గ్రేడు. మనం ఎక్కడున్నాం? చంద్రబాబు ప్రభుత్వం 2024 జూలైలో పెట్టిన శ్వేతపత్రం రాష్ట్రం మీద 9.74 లక్షల కోట్ల భారం ఉందని, అందులో పనులకూ సరఫరాలకూ కట్టాల్సినవే 1.13 లక్షల కోట్లని చెప్పింది. అంతకుముందు అధికారంలో ఉన్న వైసీపీ ఆ అంకెలను ఒప్పుకోలేదు. 2024-25 బడ్జెట్ 2.94 లక్షల కోట్లు. ఆ బకాయిల్లో మూడో వంతే నిజమనుకున్నా మనం 10 శాతం గీత దాటాం. 2019లో అప్పటి వైసీపీ ప్రభుత్వ ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి శ్వేతపత్రం పెట్టినప్పుడు కూడా ఇదే తంతు, వేళ్లు చూపినవాళ్లూ చూపించుకున్నవాళ్లూ తారుమారు, అంతే. రెండు శ్వేతపత్రాలలో ఏది ఎంత నిజమో పౌరుడు తేల్చుకోలేడు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి బాకీల పుస్తకమే లేదు.

ఈ లోపం ఎంత ఖరీదైనదో గండికోట చెబుతుంది. పెన్నా మీద 26.85 టీఎంసీల జలాశయం అది. కట్ట సిద్ధమైనా ఏళ్ల తరబడి పూర్తిగా నింపలేకపోయారు. మునిగే ఊళ్లకు ఇవ్వాల్సిన పరిహారం, పునరావాసం డబ్బు సకాలంలో పూర్తిగా అందలేదు. కోట్లు పోసి కట్టిన కట్ట, దానితో పోలిస్తే చిన్నదైన ఇంకో ఖర్చు కోసం కాచుకుని కూర్చుంది. చివరికి నీటి మట్టం పెంచినప్పుడు, 2020లో తాళ్ల ప్రొద్దుటూరు జనం ఇళ్లలోకి నీళ్లు వస్తుంటే వీధిలో ధర్నా చేయాల్సి వచ్చింది. కాలువకూ కట్టకూ అంచనా వేసిన రోజే పునరావాసాన్ని కూడా కట్టితీరాల్సిన బాకీగా రాసి, ఏటా దాని వాటాను ముందు పక్కన పెట్టి ఉంటే ఈ రెండు నష్టాలూ తప్పేవి. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞం మొత్తానికీ ఇదే జబ్బు. 1.86 లక్షల కోట్ల అంచనాతో 86 ప్రాజెక్టులు ఒకేసారి ఎత్తుకుంటే ఏటా వచ్చే డబ్బు ఎన్నింటికి సరిపోతుంది? అన్నింటికీ కొంచెం కొంచెం పంచి, దేన్నీ వేళకు ముగించలేకపోయాం.

బాకీలన్నీ బయటపెడితే అప్పు పుట్టదని ఆర్థిక శాఖ అధికారులు భయపడతారు. ఆ భయంలో కొంత నిజముంది. కార్పొరేషన్ల పేరిట తెచ్చి, తీర్చే భారం రాష్ట్రం మీద వేసిన అప్పులను 2022 నుంచి కేంద్రం రాష్ట్ర పరిమితిలోనే లెక్కిస్తోంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ రుణాల వివాదం మనకు గుర్తుండే ఉంటుంది. కానీ దాచినది ఎంతకాలం దాగింది? బ్యాంకులకు తెలుసు, కాంట్రాక్టర్లకు తెలుసు, కేంద్రానికి తెలుసు. తెలియనిది ఓటరుకు, శాసనసభకు.

లెక్కల నమూనాను మార్చడం రాష్ట్రం ఒక్కదాని చేతిలో లేదు. రాజ్యాంగం 150వ అధికరణం ప్రకారం అది కాగ్ సలహాతో రాష్ట్రపతి నిర్ణయించేది. నగదు లెక్క నుంచి బాకీలను కూడా చూపే లెక్కకు మారాలని 12వ ఆర్థిక సంఘమే చెప్పినా పని ముందుకు కదల్లేదు. అది కదిలే దాకా ఆగాల్సిన అవసరం లేదు. పరిపాలనా అనుమతి జీవో ఇచ్చిన రోజే ఆ పని మొత్తం ఖర్చు, ఏడాదివారీ వాటాలు సీఎఫ్ఎంఎస్‌లో నమోదు కావాలి. నమోదు లేని పనికి టెండరు పిలవకూడదు. బిల్లుల వరుస అందరికీ కనిపించాలి. ఆసుపత్రి మందులకో తాగునీటికో వరుస దాటించాల్సి వస్తే, ఎవరు దాటించారో, ఎందుకో అక్కడే రాయాలి. వీటికి చట్ట సవరణ అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు.

వోచర్లు ఏవని 2021లో అడిగిన పయ్యావుల కేశవ్ 2024 జూన్‌లో ఆర్థిక మంత్రి అయ్యారు. బకాయిలు ఇన్ని అని శ్వేతపత్రం ప్రకటించిన ప్రభుత్వం కూడా ఆయనదే. ఆ 1.13 లక్షల కోట్లలో ఏ జిల్లాలో, ఏ శాఖలో, ఏ తేదీ బిల్లు ఎంతో, తన హయాంలో కొత్తగా చేరినవి ఎన్నో పనివారీ జాబితాగా బడ్జెట్ పత్రాలతో కలిపి ఆయన శాసనసభ ముందు పెట్టాలి.