రిబ్బను కత్తిరించక ముందే సిబ్బందిని సిద్ధం చేయండి

అత్యవసర చికిత్సా విభాగానికి కొత్త భవనం వస్తున్నదంటే ఊరంతా సంతోషిస్తుంది. ముహూర్తం చూసి ప్రారంభోత్సవం జరుపుతారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కిస్తారు. పడకలెన్ని, అంతస్తులెన్ని, వ్యయమెంత అన్న వివరాలు మరునాటి పత్రికల్లో వస్తాయి. ఆ భవనంలో పనిచేయబోయే వైద్యులను, నర్సులను, స్ట్రెచర్ తోసే వారిని ఏ విధంగా సిద్ధం చేశారన్నది మాత్రం ఎక్కడా రాదు. చాలా చోట్ల ఆ పని జరగనే జరగదు గనుక రాయడానికి ఏమీ ఉండదు.

దీనిని చిన్న లోపమని సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. శిక్షణ లేని సిబ్బందితో అత్యవసర విభాగాన్ని కొత్త భవనంలోకి తరలించడమంటే మొదటి వారంలో వచ్చే రోగులను పరీక్షా సాధనాలుగా వాడుకోవడమే.

పాత భవనం నేర్పిన విద్య

ఇరవై ఏళ్ళ అనుభవమున్న నర్సు నైపుణ్యంలో సగం ఆమె పనిచేసే చోటుతో ముడిపడి ఉంటుంది. అడ్రినలిన్ ఏ అరలో ఉందో ఆమె చూడనవసరం లేదు, చేయి దానంతటదే అక్కడికి వెళుతుంది. ఏ లిఫ్ట్ మొరాయిస్తుందో, రక్తనిధికి ఏ దారిన పరుగెత్తాలో ఆమెకు తెలుసు.

ఈ విద్య విలువ నిమిషాల్లో తెలుస్తుంది. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. గుండె లయ తప్పి ఆగినపుడు, ఛాతీపై నొక్కుళ్ళు కూడా లేకపోతే, విద్యుదాఘాత చికిత్స ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. డీఫిబ్రిలేటర్ ఏ మూలన ఉందో వెతుక్కోవడానికి పట్టిన రెండు నిమిషాలకు రోగి చెల్లించే మూల్యం అది.

"మా వాళ్ళు అనుభవజ్ఞులు, వారికి మళ్ళీ శిక్షణ ఎందుకు?" అని అధికారులు అంటూ ఉంటారు. అనుభవజ్ఞులకే అది ఎక్కువ అవసరం. కొత్తగా చేరిన వారు అడిగి తెలుసుకుంటారు. అనుభవజ్ఞుల చేయి మాత్రం అలవాటు కొద్దీ పాత చోటికే పోతుంది.

కొత్త గోడల్లో దాగిన ప్రమాదాలు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో బ్యాంక్స్‌టౌన్-లిడ్‌కోంబ్ ఆసుపత్రి ఉన్నది. అక్కడి ఒక శస్త్రచికిత్స గదిలో 2015లో నవజాత శిశువుల కోసం ప్రాణవాయువు గొట్టం కొత్తగా అమర్చారు. దాని నుంచి వచ్చినది ప్రాణవాయువు కాదు, మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్. 2016లో ఆ సంగతి బయటపడేసరికి ఒక శిశువు మరణించింది, మరొక శిశువు మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. అదే ఏడాది మే నెలలో మన దేశంలోని ఇందోర్‌లో, మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో కొత్తగా తెరిచిన శస్త్రచికిత్స గదిలో ఇద్దరు పిల్లలు మరణించారు. గొట్టాలు తారుమారై ప్రాణవాయువుకు బదులు నైట్రస్ ఆక్సైడ్ వెళ్ళిందన్న వార్త దేశమంతా కలవరం కలిగించింది.

ఇవి గొట్టాలు అమర్చిన వారి తప్పులే గాని సిబ్బంది తప్పులు కావని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని రోగిని లోపలికి తేక మునుపే, ఆ గదిలో పనిచేయబోయే వైద్యులు ప్రతి గొట్టం నుంచి వచ్చే వాయువును విశ్లేషక యంత్రంతో స్వయంగా సరిచూసుకొని ఉంటే ఆ తప్పు యంత్రం మీద కనిపించేది. పిల్లల మీద కనిపించనవసరం లేదు.

2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో అగ్నిప్రమాదం జరిగి సుమారు 90 మంది మరణించారు. అత్యధికులను చంపినది మంట కాదు, పొగ. పొగ నిండిన వరండాలో దారి పటం చదవడానికి ఎవరికీ వీలుండదు. కదలలేని రోగిని ఏ తలుపు వైపు తీసుకుపోవాలో, ఆ గదికి ప్రాణవాయువును ఎక్కడ కట్టివేయాలో కాళ్ళకూ చేతులకూ ముందే తెలిసి ఉండాలి.

ఒక చుట్టు తిప్పితే శిక్షణ కాదు

నేను ఒకప్పుడు పనిచేసిన ఆసుపత్రిలో శిక్షణ పేరిట జరిగినది ఇంతే. ఒక మధ్యాహ్నం ఇంజనీరు ముందు నడిచాడు, పాతికమంది వెనుక నడిచారు. అరగంటలో ముగించి సంతకాలు తీసుకున్నారు. రాత్రి డ్యూటీ వారు రాలేదు. అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని పిలవనే లేదు. అర్ధరాత్రి వచ్చే రోగిని మొదట అందుకొనేది వార్డు బాయ్, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు. వారికి దారి తెలియకపోతే లోపల ఎంత గొప్ప వైద్యుడున్నా ప్రయోజనమేమిటి?

నిజమైన సన్నాహం వేరుగా ఉంటుంది. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వారు తమ కొత్త శాఖను తెరవక ముందే, అక్కడి గదుల్లోనే బొమ్మలను రోగులుగా పెట్టి అత్యవసర చికిత్సలను అభినయించి చూశారు. దాగి ఉన్న లోపాలు బయటపడ్డాయి, తెరవక ముందే సరిదిద్దుకున్నారు. దీనికి గొప్ప సాంకేతిక విద్య అక్కరలేదు. మన ఊళ్ళలోనూ ఈ క్రింది పనులు చేయవచ్చు.

1. అంబులెన్సు ఆగే చోటి నుంచి పునరుజ్జీవన గది వరకు మనిషిని పడుకోబెట్టిన స్ట్రెచర్‌ను తోసి చూడాలి. మలుపు తిరుగుతున్నదా? ప్రాణవాయువు సిలిండరుతో, ఇద్దరు సహాయకులతో లిఫ్ట్‌లో పడుతున్నదా?

2. గుండె ఆగిన రోగి, రోడ్డు ప్రమాద బాధితుడు, ప్రసవ వేదనతో వచ్చిన తల్లి, పాముకాటు, పురుగుమందు తాగిన రోగి: ఒక్కొక్క సందర్భాన్నీ మొదటి నుంచి చివరి వరకు అభినయించాలి. రక్తం, సీటీ స్కాన్, మందులు ఎంతసేపటికి అందాయో గడియారం పెట్టి రాసుకోవాలి.

3. ఇదంతా పగటిపూటే కాక, రాత్రి ఉండేంత కొద్దిమందితోనూ చేయాలి. కరెంటు ఆపి జనరేటరు అందుకొనే వరకు ఏమవుతుందో చూడాలి.

4. పారిశుద్ధ్య కార్మికులు, సెక్యూరిటీ గార్డులు, 108 వాహనాల సిబ్బంది అందరూ పాల్గొనాలి.

5. తరలింపు రోజున రెండు చోట్లా సిబ్బంది ఉండాలి. పాత ద్వారం ఏ గంటకు మూసుకుంటుందో ప్రజలకు ముందే తెలియాలి.

6. నర్సులు, వార్డు బాయ్‌లు చెప్పిన లోపాలను సరిదిద్దిన తరువాతనే ప్రారంభ తేదీ ఖాయం చేయాలి.

సాకులు చాలించండి

"నిధులు లేవు" అంటారు. కోట్ల రూపాయల భవనానికి పాలరాయి కొన్నవారికి, సిబ్బందికి రెండు వారాల అభ్యాసం చేయించడానికి డబ్బు లేదనడం విచిత్రం. "సమయం లేదు, ముహూర్తం పెట్టేశారు" అంటారు. ముహూర్తాన్ని మార్చుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తెచ్చుకోలేము. "నాలుగు రోజులు పోతే వాళ్ళే అలవాటు పడతారు" అంటారు. నిజంగానే పడతారు. ఆ నాలుగు రోజుల్లో వచ్చే రోగులు ఎవరి బిడ్డలన్నదే నా ప్రశ్న.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనపు వార్డుల్లోకి 2020 జులైలో వాన నీరు చేరడం, రోగులను అక్కడి నుంచి తరలించడం మనమంతా చూశాము. గోషామహల్‌లో కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద ఆసుపత్రి సిబ్బంది కొత్త చోటికి కదలడం సామాన్యమైన పని కాదు. ఆ సన్నాహానికి ఒక బాధ్యుణ్ణి, ఒక ప్రణాళికను, వేరుగా కొంత నిధిని నిర్మాణ దశలోనే కేటాయించాలి. రంగులు వేసిన తరువాత ఆలోచిద్దామనుకుంటే ఆలస్యమవుతుంది.

పాఠకులకు ఒక మనవి. మీ ఊరి ఆసుపత్రికి కొత్త అత్యవసర భవనం వస్తే సంతోషించండి. దానితో పాటు మీ ప్రజాప్రతినిధిని, సూపరింటెండెంటు గారిని మూడు ప్రశ్నలు అడగండి. సిబ్బంది ఎన్నిసార్లు ఇక్కడ అభ్యాసం చేశారు? రాత్రి డ్యూటీ వారు, అవుట్‌సోర్సింగ్ వారు అందులో ఉన్నారా? బయటపడిన లోపాల జాబితా ఏది? లోపాలేమీ బయటపడలేదని సమాధానం వస్తే అభ్యాసం జరగలేదని గ్రహించండి. అది జరిగేదాకా అడుగుతూనే ఉండండి.