పసివాడి దాహం ఎవరికి వినబడుతోంది?

తాండూరు అనగానే ఎవరికైనా నాపరాయి గుర్తుకొస్తుంది. ఆ బండలు పరిచిన ఇళ్లు తెలుగునాట లెక్కలేనన్ని. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే ఊరికి పేరు తెచ్చిన సున్నపురాయే ఇక్కడి తల్లులకు ఒక చిక్కు తెచ్చింది. ఇంకిన వాననీరు ఆ రాతి పొరలగుండా సాగుతూ సున్నాన్ని కరిగించుకుంటుంది. అందుకే బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతుంది, పప్పు ఒక పట్టాన ఉడకదు.

ఇది నీళ్లు పుట్టే నేల కూడా. ఉస్మాన్‌సాగర్ నింపి హైదరాబాదు దాహం తీర్చిన మూసీ అనంతగిరి కొండల్లోనే పుట్టింది. కాగ్నా నది వికారాబాద్ ప్రాంతంలో మొదలై, తాండూరును తాకుతూ కర్ణాటకలోకి వెళ్లి భీమాలో కలుస్తుంది. రెండు నదులకు పుట్టినిల్లయిన సీమలో వేసవి రాగానే బిందెలు బారులు తీరడం విచిత్రమే. నీళ్లు ఉండడం వేరు, పసివాడి గ్లాసులోకి శుభ్రంగా చేరడం వేరు.

లోకమంతటా ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 210 కోట్ల మందికి, అంటే ప్రతి నలుగురిలో ఒకరికి, సురక్షితమైన తాగునీటి సరఫరా లేదు. 10 కోట్లకు పైగా ప్రజలు వాగులు, చెరువుల నీళ్లను నేరుగా తాగుతున్నారు. కలుషిత నీరు, మరుగుదొడ్ల లేమి, చేతుల అపరిశుభ్రత వల్ల వచ్చే జబ్బులతో అయిదేళ్లలోపు పిల్లలు రోజుకు వెయ్యి మందికి పైగా చనిపోతున్నారని 2023లో యునిసెఫ్ తెలిపింది. బతికిన పిల్లలకూ నష్టం తప్పదు. మాటిమాటికీ విరేచనాలు పట్టుకున్న బిడ్డకు తిన్నది ఒంటబట్టదు, ఎదుగుదల ఆగిపోతుంది.

హాగరు కథ మనకు తెలుసు (ఆది. 21). తిత్తిలో నీళ్లు అయిపోయాక, బిడ్డ చావు చూడలేక ఆ తల్లి దూరంగా వెళ్లి కూర్చుంది. దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడని వాక్యం చెబుతోంది. ఆ తరువాత ఆయన ఆమె కళ్లు తెరిచాడు, అప్పుడు ఆమెకు నీళ్ల బావి కనబడింది. మన కాలంలోనూ బావి లేక కాదు, చూసే కళ్లు లేకే చాలామంది పిల్లలు దప్పికతో ఉన్నారు.

జరిగిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. తెలంగాణలో 2016 ఆగస్టులో మొదలైన మిషన్ భగీరథ దాదాపు 24 వేల ఆవాసాలకు శుద్ధి చేసిన నది నీళ్లు చేర్చింది. తరాల తరబడి నల్లగొండ పిల్లల ఎముకలు వంచిన ఫ్లోరైడు బెడద దాంతో ఎంతో తగ్గింది. రాష్ట్రంలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడు ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నాకు చేరిందని కేంద్రం ప్రకటించింది. దేశమంతటా 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ గడువును ఇప్పుడు 2028 వరకు పొడిగించారు. ఇవన్నీ కృతజ్ఞతతో చెప్పుకోదగినవే. అయినా నల్లా బిగించడంతో పని ముగియదు. మూడు చోట్ల మనం కన్నేసి ఉంచాలి.

మొదటిది ఊట. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు చనిపోతున్నారని 1970లలో ఊరూరా గొట్టపు బావులు వేశారు. నీళ్లు తేటగానే కనిపించాయి. 1990లలో పరీక్షిస్తే వాటిలో ఎన్నింటిలోనో ఆర్సెనిక్ విషం బయటపడింది. తేటగా ఉన్నదల్లా శుభ్రమైనది కాదు. తాండూరు నీళ్లలోని సున్నం కంటికి కనబడుతుంది గానీ అది ప్రాణాలు తీయదు. నైట్రేటు, ఫ్లోరైడు, రోగక్రిములు మాత్రం కంటికి కనబడవు. యెరికోలో నీళ్లు చెడ్డవని ఊరివాళ్లు మొరపెట్టినప్పుడు ఎలీషా నేరుగా ఊట దగ్గరకే వెళ్లాడని గుర్తుంచుకోవాలి (2 రాజులు 2).

రెండవది దారి. సరఫరా ఆగినప్పుడు గొట్టం ఖాళీ అవుతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి గొట్టానికి పగులు ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. నల్లాకు మోటారు బిగించి లాగితే అపాయం ఇంకా ఎక్కువ. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చి తగిన జాగ్రత్త తీసుకోకపోవడంతో పాత గొట్టాల సీసం పిల్లల రక్తంలోకి చేరింది. ధనిక దేశానికే ఆ గతి పట్టింది. మన దగ్గర కొన నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. దాన్ని అడిగేవాళ్లు ఎందరు?

మూడవది బడి. బిడ్డ పగలంతా గడిపేది అక్కడే. 2023 లెక్కల ప్రకారం ప్రపంచంలో 44.7 కోట్ల మంది బడిపిల్లలకు బడిలో కనీస తాగునీటి వసతి లేదు. మన బడుల్లో మరో బాధ ఉంది. మరుగుదొడ్డి బాగుండదని ఆడపిల్లలు పొద్దంతా నీళ్లే తాగకుండా ఉంటారు. ఇక నాపరాతి గనుల్లో పనికి వలస వచ్చే కుటుంబాల సంగతి చూడండి. ఇంటింటికీ నల్లా అన్న లెక్కలో ఇంటి నంబరే లేని గుడిసె ఎక్కడ చేరుతుంది?

మాకేం, క్యాన్ నీళ్లు కొంటున్నాం అనేవాళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు. సమస్యకు అసలు ముడి అక్కడే ఉంది. కొనగలిగినవాడు నల్లాను వదిలేస్తే నల్లా గురించి అధికారిని అడిగే గొంతు తగ్గిపోతుంది. మిగిలేది కొనలేని ఇంటి పసివాడు. అతని మాట ఎవరు వింటారు? పైగా ఆ క్యాన్ నీళ్లను ఎవరు పరీక్షించారో కొనేవాళ్లకూ తెలియదు.

నీళ్ల దగ్గర మనిషి విలువ తేలిపోతుందని తెలుగు క్రైస్తవులకు వేరే చెప్పనక్కరలేదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగవాడ తాగునీటి చెరువును పాడుచేయవద్దని అడిగినందుకు మొదలైన గొడవ, మరునాటి దాడిలో ఆరుగురి ప్రాణాలు తీసింది. శుభ్రమైన నీళ్లు అడగడమే నేరమైన రోజు అది. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి తాగునీటిని మానవహక్కుగా గుర్తించింది. 1989 బాలల హక్కుల ఒడంబడికలో కూడా శుభ్రమైన తాగునీటి మాట ఉంది, భారతదేశం 1992లో దానికి కట్టుబడింది. కాబట్టి ఇది ఎవరో జాలిపడి పోసే నీళ్లు కాదు, బిడ్డకు న్యాయంగా రావలసినవి.

నీళ్ల సంగతి సర్కారు చూసుకుంటుంది, సంఘం పని ఆత్మల రక్షణ అని కొందరంటారు. అయితే ఇస్సాకు పూడ్చిన బావులను మళ్లీ తవ్వించాడు, జగడం వచ్చినా పని మానలేదు (ఆది. 26). చిన్నవారిలో ఒకనికి చన్నీళ్లిచ్చినవాని ఫలం పోదని ప్రభువే చెప్పాడు (మత్తయి 10:42). ఆ మాట వినే మనం ఆ నీళ్లు ఎలాంటివో కూడా చూడాలి కదా.

చేయదగినవి పెద్దవేమీ కావు. వానాకాలానికి ముందు, తరువాత ఊరి నీళ్లను పరీక్షించమని పంచాయతీని, మున్సిపాలిటీని స్త్రీల సమాజం అడగవచ్చు. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు స్త్రీలకు ఈ పరీక్షలు నేర్పాలన్న ఏర్పాటు ఉంది, మన ఊళ్లో వాళ్లెవరో తెలుసుకోవాలి. మందిరం ట్యాంకును, పక్క బడి ట్యాంకును యౌవనస్థులు శుభ్రం చేయవచ్చు. మందిరం పైకప్పు వాన నీటిని నేలలో ఇంకించవచ్చు. విరేచనాలైన బిడ్డకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు మంచినీళ్లలో కలిపి పట్టాలని, వైద్యుని సలహాతో జింకు మాత్రలు ఇవ్వాలని సండే స్కూలు తల్లులకు నేర్పవచ్చు. ఇంటి నంబరు లేని గుడిసె పిల్లల తరఫున సంఘ పెద్దలు అర్జీ పట్టుకుని కార్యాలయం మెట్లెక్కవచ్చు.

హాగరు బిడ్డ మొర దేవునికి వినబడింది. గనుల పక్క గుడిసెలోని బిడ్డ మొర కూడా ఆయనకు వినబడుతూనే ఉంది. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మన మందిరానికి దగ్గరగా ఉన్న బడికి వెళ్లి, అక్కడి నల్లా తిప్పి చూద్దాం. ఆ నీళ్లు మన బిడ్డకు ధైర్యంగా తాగించగలమా? లేదంటే, మన సంఘానికి సోమవారం పొద్దుటి పని సిద్ధంగా ఉన్నట్టే.